వియన్నాలో మొదటి కుర్చీ

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో కూడా ఐదింటికల్లా వచ్చి కూర్చున్నారు, చాలా సంతోషం. ముందు వరుసలో వయొలిన్ పెట్టెలు పట్టుకుని కూర్చున్న పిల్లలు కనిపిస్తున్నారు. ఈ రోజు నేను చెప్పబోయే మాటలు ముఖ్యంగా మీకోసమేనమ్మా.

పాశ్చాత్య ఆర్కెస్ట్రా కచేరీ ఎప్పుడైనా చూస్తే, అసలు పాట మొదలవడానికి ముందు ఏం జరుగుతుందో గమనించండి. ఎనభై, తొంభై మంది వేదిక మీద ఎవరి గొడవలో వాళ్లుంటారు. ఒకరు కమానుకు రోజిన్ రాసుకుంటుంటే, ఇంకొకరు కష్టమైన సంగతి మళ్లీ మళ్లీ వాయించుకుంటుంటారు. అంతలో ఒకరు లేచి నిలబడతారు. హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. ఓబో అనే వాద్యం నుంచి ఒకే ఒక్క స్వరం వస్తుంది. ఆ స్వరానికి అందరూ శ్రుతి కలుపుకుంటారు. లేచి నిలబడిన మనిషి మళ్లీ కూర్చుంటారు. ఆ తర్వాతే కండక్టర్, అంటే ముందు నిలబడి చేతులు ఊపుతూ ఆర్కెస్ట్రాను నడిపించేవారు, వస్తారు, వస్తూనే ముందుగా ఆ మనిషికే చేయి కలుపుతారు.

ఆ మనిషిని కాన్సర్ట్ మాస్టర్ అంటారు. మొదటి వయొలిన్ల వరుసలో, కండక్టర్‌కి ఎడమ చేతి వైపు, అన్నిటికంటే ముందున్న కుర్చీ వాళ్లది. ప్రపంచంలో అలాంటి కుర్చీలు వందల కొద్దీ ఉన్నాయి. వాటిలో ఒకదాని గురించీ, అందులో కూర్చున్న ఒక బల్గేరియా వయొలిన్ విద్వాంసురాలి గురించీ చెప్పడానికి వచ్చాను. ఆమె పేరు అల్బెనా దనాయిలోవా. 1975లో సోఫియాలో పుట్టారు. 1842లో పుట్టిన వియన్నా ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాలో కాన్సర్ట్ మాస్టర్ అయిన మొదటి మహిళ ఆమె.

ముందు బల్గేరియా గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. గ్రీస్‌కి ఉత్తరాన, రొమేనియాకి దక్షిణాన, నల్ల సముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం అది. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది 65 లక్షల మంది. అంటే దేశం మొత్తం కలిపినా మన హైదరాబాద్ నగరమంత లేదు. అయినా ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాన్సర్ట్‌గెబౌ ఆర్కెస్ట్రాలో కాన్సర్ట్ మాస్టర్‌గా ఎన్నో ఏళ్లు కూర్చున్న వెస్కో ఎష్కెనాజీ బల్గేరియా వారే. పారిస్‌లో ఫ్రాన్స్ రేడియో ఫిల్‌హార్మోనిక్‌ను అదే స్థానం నుంచి నడిపించిన స్వెత్లిన్ రూసెవ్ కూడా బల్గేరియా వారే. ఇక వియన్నాలో దనాయిలోవా. ఇంత చిన్న దేశం నుంచి ఇంతమంది ఎలా వచ్చారు?

దీనికి నాకు తోచిన సమాధానాలు రెండు. ఒకటి, కమ్యూనిస్టు ప్రభుత్వ కాలంలో అక్కడ సంగీతానికంటూ ప్రత్యేకమైన బడులు నడిపారు. లెక్కలూ సైన్సూ ఎలా చెబుతారో వయొలిన్ కూడా అంతే గట్టిగా, చిన్నప్పటి నుంచీ, ప్రభుత్వ ఖర్చుతో చెప్పేవారు. ఆ ప్రభుత్వం చేసిన మిగతా పనుల మీద ఎన్ని విమర్శలైనా ఉండొచ్చు. ఈ ఒక్క పని మాత్రం బాగా చేసిందనే నేనంటాను. దనాయిలోవా ఐదేళ్ల వయసులో వయొలిన్ పట్టారు.

రెండో సమాధానం జానపదంలో ఉంది. అది మాటల్లో చెబితే తెలియదు. అందరూ చేతులు ముందుకు పెట్టండి. నాతో పాటు చెప్పండి: తక, ధిమి, తకిట. తక, ధిమి, తకిట. ఇంకొంచెం వేగంగా. ఆ, అదీ! రెండు, రెండు, మూడు, మొత్తం ఏడు. బల్గేరియాలో పెళ్లిళ్లలో వేసే రచెనిత్సా అనే నాట్యానికి నడక ఇదే. మనకి మిశ్రచాపు ఉంది కదా, తకిట తకధిమి, మూడూ నాలుగూ. దాన్ని తిరగేసి నాలుగూ మూడుగా వేస్తే మనవాళ్లు విలోమ చాపు అన్నారు. బల్గేరియాలో చదువురాని ముసలమ్మ కూడా ఆ విలోమ చాపుకి తడబడకుండా అడుగేస్తుంది. పదకొండు అక్షరాల నాట్యాలు కూడా వాళ్లకున్నాయి. జర్మనీలో, ఆస్ట్రియాలో పెరిగిన వయొలిన్ విద్యార్థికి ఏడు అక్షరాల నడక ఒక పరీక్ష లాంటిది. సోఫియా పిల్లకి అది ఇంటి తిండి. లయ శరీరంలో ఉన్నవాళ్లకి ఆర్కెస్ట్రాను ముందుండి నడిపించడం మిగతావాళ్ల కంటే సులువని నా నమ్మకం.

సోఫియాలోని సంగీత అకాడమీకి పంచో వ్లదిగెరోవ్ అనే స్వరకర్త పేరు పెట్టారు. ఆయన కవల సోదరుడు ల్యూబెన్ వయొలిన్ వాద్యకారుడు. వయొలిన్, పియానోల కోసం వ్లదిగెరోవ్ 1922లో ‘వర్దార్’ అనే రచన చేశారు. బల్గేరియన్లకి అది ప్రాణం. దాని సంగతి చివర్లో చెబుతాను.

దనాయిలోవా పై చదువుకి జర్మనీ వెళ్లారు. రోస్టాక్‌లో, హాంబర్గ్‌లో పేత్రు ముంతెయాను అనే రొమేనియన్ గురువు దగ్గర నేర్చుకున్నారు. ఆ తర్వాత జరిగింది పిల్లలు జాగ్రత్తగా వినాలి.

2001లో ఆమె మ్యూనిక్‌లో బవేరియన్ స్టేట్ ఆర్కెస్ట్రాలో చేరారు. అది ఒపేరాకి, అంటే పాటలతో నడిచే నాటకానికి, వాయించే ఆర్కెస్ట్రా. దాని మూలాలు 1523 నాటివి. ఆమె చేరింది రెండో వయొలిన్ల వరుసలో. మొదటి వరుస పల్లవి పాడుతుంటే రెండో వరుస కింద నుంచి ఆసరా ఇస్తుంటుంది. సభలో చప్పట్లన్నీ మొదటి వరుసకే పోతాయి. రెండేళ్లు అక్కడ వాయించాక 2003లో ఆమె మొదటి వయొలిన్లలోకి మారారు. 2006లో అక్కడే కాన్సర్ట్ మాస్టర్ అయ్యారు. ఐదేళ్లలో రెండో వరుస నుంచి మొదటి కుర్చీకి! ఆమె చేరిన రోజుల్లో ఆ ఒపేరాకి సంగీత దర్శకుడు మన బొంబాయిలో పుట్టిన జుబిన్ మెహతా. 1998 నుంచి 2006 వరకు ఆ సంస్థ ఆయన చేతిలో ఉంది.

చాలామంది తల్లిదండ్రులు నా దగ్గరికొచ్చి మా పాప సోలో ఎప్పుడు వాయిస్తుందండీ అని అడుగుతారు. నాకు మాత్రం ఆ రెండో వరుసలో గడిచిన రెండేళ్లు చాలా గొప్పగా కనిపిస్తాయి. కింద స్వరం వాయించినవాళ్లకే తెలుస్తుంది, పైన వాయించేవాళ్లు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ తగ్గాలో. రేపు ముందు కుర్చీలో కూర్చున్నప్పుడు వెనక ఉన్నవాళ్ల కష్టం తెలియాలంటే ఆ కుర్చీలోంచి రావాలి.

ఇప్పుడు వియన్నా.

వియన్నా ఫిల్‌హార్మోనిక్‌ని 1842లో ఓట్టో నికొలాయ్ అనే కండక్టర్ మొదలుపెట్టారు. సభ్యులంతా ఒపేరాలో రోజూ వాయించే వాద్యకారులే. ఈ రోజుకీ పద్ధతి అదే. ముందు వియన్నా స్టేట్ ఒపేరా ఆర్కెస్ట్రాలో ఉద్యోగం రావాలి. అక్కడ కనీసం మూడేళ్లు వాయించాలి. అప్పుడే ఫిల్‌హార్మోనిక్ సంఘంలో సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ సంఘం సభ్యులదే. ఎవరిని కండక్టర్‌గా పిలవాలో, ఏం వాయించాలో వాళ్లే ఓటు వేసుకుని నిర్ణయిస్తారు. వాళ్లకి శాశ్వత కండక్టర్ కూడా లేరు, 1933 నుంచి అతిథులే. అందుకే ఆ ఆర్కెస్ట్రాలో కాన్సర్ట్ మాస్టర్ బరువు మిగతా చోట్ల కంటే ఎక్కువ. కండక్టర్లు వస్తారు, పోతారు. ఆ కుర్చీ ఉంటుంది.

అంత గొప్ప సంఘంలో 1997 దాకా ఒక్క ఆడమనిషికి కూడా సభ్యత్వం లేదు. వాయించే ఆడవాళ్లు లేక కాదు. అన్నా లెల్కెస్ అనే హార్ప్ విద్వాంసురాలు 20 ఏళ్లకు పైగా వాళ్లతో పాటు వాయించారు. కానీ ఆమె పేరు కార్యక్రమ పత్రంలో వేసేవారు కాదు. 1997లో అమెరికా యాత్రకు బయలుదేరబోతుంటే అక్కడ నిరసనలు మొదలయ్యాయి, ఆస్ట్రియాలోనూ ఒత్తిడి పెరిగింది. ఆ ఫిబ్రవరి నెలాఖరులో ఓటింగ్ పెట్టి లెల్కెస్‌ని సభ్యురాలిగా చేర్చుకున్నారు. ఇన్నేళ్ల ఆలస్యానికి నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అయితే ఇది పరాయివాళ్ల తప్పు మాత్రమే అనుకుని మనం చేతులు దులుపుకోలేం. పక్కవాద్యంగా ఆడవాళ్లు కూర్చుంటే నేను పాడనన్న విద్వాంసులు మన కర్ణాటక సంగీతంలోనూ ఉండేవారు.

ఆ కుర్చీకి సంబంధించి ఒక కథ ఉంది. అది చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

ఆర్నాల్డ్ రోజే అని రొమేనియాలోని యాష్ నగరంలో పుట్టిన యూదుడు. 1881లో, 17 ఏళ్లకే, వియన్నాలో ఆ కుర్చీలో కూర్చున్నారు. 57 ఏళ్లు అక్కడే ఉన్నారు. మహా స్వరకర్త గుస్తావ్ మాలర్‌కి స్వయానా బావ. 1938లో ఆస్ట్రియాను నాజీలు కలిపేసుకున్నాక ఆయన్ని బయటికి పంపేశారు. లండన్ వెళ్లి 1946లో అక్కడే కన్నుమూశారు. ఆయన కూతురు ఆల్మా రోజే కూడా వయొలిన్ విద్వాంసురాలే. తండ్రి కుర్చీ వెనక ఏ వరుసలోనూ ఆమెకు చోటు దొరికే వీల్లేదు, ఆడపిల్ల కాబట్టి. ఆమె తనంతట తాను ఆడవాళ్లతో ఒక వాద్యబృందం కట్టి యూరప్ అంతా తిరిగారు. 1943లో నాజీలు ఆమెను ఆష్విట్జ్ నిర్బంధ శిబిరానికి తరలించారు. అక్కడి స్త్రీల శిబిరంలో ఖైదీల ఆర్కెస్ట్రాకు ఆమెను నాయకురాలిని చేశారు. ఆమె అక్కడ చాలా కఠినంగా సాధన చేయించారు. ఎందుకంటే బాగా వాయిస్తేనే ఆ అమ్మాయిలు బతుకుతారని ఆమెకు తెలుసు. చాలామంది నిజంగానే బతికి బయటపడ్డారు. ఆమె మాత్రం 1944 ఏప్రిల్‌లో అక్కడే చనిపోయారు. అప్పటికి 37 ఏళ్లు.

నేను ఆ కుర్చీ అన్నప్పుడల్లా నాకు ఆల్మా గుర్తుకొస్తారు.

2008లో ఆ కుర్చీకి ఖాళీ వచ్చింది. వియన్నాలో ఆడిషన్లు తెర వెనక జరుగుతాయి. వినేవాళ్లకి మనిషి కనిపించరు, కమాను తీగ మీద కదిలే చప్పుడే వినిపిస్తుంది. ఆ పోటీలో దనాయిలోవా ఎంపికయ్యారు. వయసు 33. సెప్టెంబరులో స్టేట్ ఒపేరాలో చేరారు. ఇందాక చెప్పిన మూడేళ్ల నియమం ఆమెకీ వర్తించింది. 2011లో ఫిల్‌హార్మోనిక్ కాన్సర్ట్ మాస్టర్‌గా ఖాయమయ్యారు.

ఆ మూడేళ్లూ ఎలా ఉంటాయో ఊహించండి. వియన్నా ఒపేరాలో ఏడాదికి దాదాపు 300 రాత్రులు ప్రదర్శనలుంటాయి. ఈ రోజు మొజార్ట్, రేపు వాగ్నర్, ఎల్లుండి పుచ్చీని. కొత్త నిర్మాణమైతే రిహార్సల్స్ ఉంటాయి. పాత ఒపేరాలైతే చాలా రాత్రులు ఆర్కెస్ట్రాకి రిహార్సల్ ఏమీ ఉండదు, నేరుగా వచ్చి కూర్చుని వాయించడమే. పక్కవాళ్లకి అవి పాతికేళ్లుగా నోటికొచ్చు. కొత్తగా వచ్చిన మనిషి వెనకేదో కూర్చుని సర్దుకుపోదామంటే కుదరదు, ముందుండి నడిపించాలి. తలుచుకుంటేనే నాకు టెన్షన్ వస్తుంది.

పైగా వియన్నాకి కొన్ని అలవాట్లున్నాయి, కాగితం మీద కనపడవు. వాల్ట్‌జ్ అంటే మూడు దెబ్బల తాళం అని అందరికీ తెలుసు. వియన్నావాళ్లు వాయిస్తే ఆ రెండో దెబ్బ ఒక రవ్వంత ముందుగా పడుతుంది. ఎంత ముందు అంటే చెప్పలేరు. తకిట అన్నప్పుడు ‘కి’ కొంచెం తొందరపడి, ‘ట’ దగ్గర తీరిగ్గా ఆగినట్టు. నొటేషన్‌లో మూడూ సమానంగానే ఉంటాయి. అది గురుశిష్య పరంపరలో చెవికి చెవికి దిగుతుంది. బయటి నుంచి వచ్చినవాళ్లు దాన్ని పట్టుకోలేరని పాతవాళ్లు కొందరు గట్టిగా నమ్మేవారు. మన దగ్గర గమకం గురించి అలాగే అంటాం కదా.

కాన్సర్ట్ మాస్టర్ అసలు ఏం చేస్తారు? నాకు ఒక తెలుగు మాట దొరికింది: పక్కవాద్యం. మన కచేరీలో వయొలిన్ వాయించేవాళ్లు గాయకుడి గొంతు మీద ఒక చెవి వేసి ఉంచుతారు. ఆయన ఊపిరి తీసుకునే చోటు ముందే కనిపెట్టి కమాను ఆపుతారు. ఒపేరాలో కూడా వేదిక మీద గాయని ఒక స్వరాన్ని కాస్త ఎక్కువసేపు పట్టుకుంటే, కింద, ఆర్కెస్ట్రా కూర్చునే పిట్‌లో అరవై మంది తంతివాద్యాలవాళ్లు ఆగాలి. కండక్టర్ చెయ్యి ఊపుతారు, నిజమే. కానీ ఎవరి కమాను ఎప్పుడు తీగ మీద దిగాలో చెప్పేది ముందు కుర్చీలోని మనిషి భుజం. ఆ భుజం చిన్నగా లేస్తుంది, వెనకున్నవాళ్లంతా దాంతో పాటు ఊపిరి పీలుస్తారు. అంటే ఆమె గాయనికి పక్కవాద్యం, అదే క్షణంలో అరవై మందికి నాయకురాలు. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండాలి. మన విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పక్కవాద్యంలో పండిపోయిన తర్వాతే వయొలిన్‌ని కచేరీకి ప్రధాన వాద్యంగా నిలబెట్టారు. ఆ తరహా చెవి ఉన్నవాళ్లకి ఈ ఉద్యోగం ఏమిటో నేను విడిగా వివరించాల్సిన పని ఉండదు.

ఇంకో పని కూడా ఉంది, చాలా చిన్నదిగా కనిపిస్తుంది. పెన్సిల్ పని. ఏ స్వరానికి కమాను కిందికి లాగాలి, ఏ స్వరానికి పైకి తోయాలి అన్నది కాన్సర్ట్ మాస్టర్ తన కాగితం మీద గుర్తులు పెడతారు. వరుసలో అందరూ వాటినే తమ కాగితాల మీద ఎక్కించుకుంటారు. టీవీలో పదహారు కమానులు ఒకేసారి పైకీ కిందికీ కదలడం చూస్తాం కదా, దాని వెనక ఉన్నది ఆ పెన్సిలే.

ఇక సోలోలు. రిచర్డ్ స్ట్రాస్ ‘ఒక వీరుడి జీవితం’ అనే రచన చేశారు. అందులో వీరుడి సహచరి వచ్చే ఘట్టమంతా ఒంటరి వయొలిన్ మీదే నడుస్తుంది. కాన్సర్ట్ మాస్టర్లకి అంతకంటే కష్టమైన సోలో బహుశా లేదు. ఆయన తన భార్య పౌలీన్‌నే అలా చిత్రించారు. స్వరాల పైన మాటలు రాశారు: ఇక్కడ ఉల్లాసంగా, ఇక్కడ కాస్త సెంటిమెంటుగా, ఇక్కడ కోపంగా, ఇక్కడ ప్రేమగా. ఒక్క నిమిషంలో ఆ మనిషి పది రకాలుగా మారిపోతుంది. ఒక స్త్రీ స్వభావాన్ని అణువణువూ చెప్పే ఈ సోలోని వియన్నాలో వందేళ్లకు పైగా మగవాళ్లే వాయించారు.

సింఫనీ అంటే ఆర్కెస్ట్రా కోసం రాసే పెద్ద రచన. మాలర్ నాలుగో సింఫనీలో ఇంకో వింత ఉంది. రెండో భాగంలో కాన్సర్ట్ మాస్టర్ దగ్గర రెండు వయొలిన్లుంటాయి. ఒకటి మామూలు శ్రుతిలో, రెండోది నాలుగు తీగలూ ఒక పూర్తి స్వరం పైకి బిగించి. ఆ రెండో వయొలిన్ గొంతు కొంచెం గీరుగా, వీధి ఫిడేలులా పలుకుతుంది. అది మృత్యువు వాయించే ఫిడేలు అని మాలర్ ఉద్దేశం. వాయిస్తూ వాయిస్తూ ఒకటి పక్కన పెట్టి ఇంకోటి అందుకోవాలి. వేళ్లు పెట్టే చోటు ఒకటి, వినిపించే స్వరం ఇంకోటి. సాధన చేసేవాళ్లకి తెలుస్తుంది, ఇది బుర్రని ఎంత తిప్పుతుందో. రోజే కాలంలో వియన్నా ఒపేరాకి దర్శకుడు ఈ మాలరే. ఆ సంగీతం, ఆ కుర్చీ, ఆ రెండు వయొలిన్లు, ఇవన్నీ ఇప్పుడు సోఫియా నుంచి వచ్చిన మహిళ చేతికి వచ్చాయి.

పిల్లల్లో ఎవరో అడుగుతున్నారు, ఆమె ఒక్కరేనా కాన్సర్ట్ మాస్టర్ అని. కాదమ్మా. రోజూ ఒపేరా, పైన సింఫనీ కచేరీలు, విదేశీ యాత్రలు, ఇన్ని ఒక్కరి వల్ల కావు. అందుకని నలుగురు వంతులవారీగా కూర్చుంటారు. జనవరి 1న టీవీలో వచ్చే కొత్త సంవత్సరం కచేరీ కూడా అంతే. కాబట్టి ఈసారి చూసినప్పుడు కండక్టర్‌ని కాదు, ఆయన ఎడమ పక్కన మొదటి కుర్చీని చూడండి.

ఇప్పుడు ఇందాక చెప్పిన ‘వర్దార్’. మా విద్యార్థిని ఒకమ్మాయి రెండు నెలలుగా దీని మీద కష్టపడుతోంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్ల, కింద కూర్చుని వాయించడమే అలవాటు. ఈ రోజు నిలబడి, వయొలిన్ గెడ్డం కింద పెట్టుకుని వాయిస్తుంది. మొదట నెమ్మదిగా, పొడుగు కమానుతో ఒక పాట వస్తుంది, తర్వాత నాట్యం నడకలు అందుకుంటుంది. రామ్మా, వచ్చి ముందు శ్రుతి చూసుకో. పియానో దగ్గర సార్ నీకు ‘ఏ’ అనే స్వరం ఇస్తారు.